ఎముకకే పెట్టుడు కాలు బిగిస్తే చీము పడుతుందా?
అన్నా, పెట్టుడు కాలి సాకెట్‌లో (మిగిలిన తొడ దూర్చే తొడుగు) చెమట పట్టి తొడ ఒరుసుకుపోతోంది, ఎముకలోకే రాడ్ వేయించుకుని దానికే కాలు బిగించుకుంటే చర్మం దగ్గర చీము పడుతుందా అని అడిగావు కదా. పడొచ్చు, దాచడమెందుకు. పన్ను ఇంప్లాంట్ లాగే టైటానియం ఎముకకి అతుక్కుపోతుంది గానీ చర్మం దానికి అలా అతుక్కోదు, ఆ సందు ఎప్పటికీ మూసుకోదు, కాస్త తడి ఊరుతూనే ఉంటుంది, రోజూ సబ్బు నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. స్వీడన్‌లో 1990లోనే తొడ ఎముకకి ఇలా చేశారు, కొత్తేం కాదు. మామూలుగా రెండు ఆపరేషన్లు, మధ్యలో నెలల తరబడి ఆగాలి, తర్వాత బరువు చూసుకునే మిషన్ మీద ఆ కాలు మోపుతూ కొన్ని కొన్ని కిలోలే పెంచాలి (ఓపిక లేకపోతే కష్టం). ఎర్రబడి జ్వరమొస్తే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చూపించు, చీము ఎముకదాకా పోతే రాడ్డే తీసేయాల్సొస్తుంది. నీకు షుగర్ ఉందా, సిగరెట్ అలవాటుందా? ఉంటే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ముందైతే కొత్తగా కొలతలిచ్చి సాకెట్, లైనర్ (సాకెట్ లోపల వేసుకునే మెత్తటి తొడుగు) మార్పించి చూడు.