ల్యాండ్‌స్కేప్ ఫోటోలు తీస్తూ బెంగళూరులో బతకొచ్చా?

"ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. కెమెరా సొంతంగా నేర్చుకున్నాను, ఏ కోర్సూ చేయలేదు. బెంగళూరులోనే ఉంటూ ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రఫీని, అంటే ప్రకృతి దృశ్యాల ఫోటోలు తీయడాన్ని, కెరీర్‌గా తీసుకోవచ్చా? ఉద్యోగం మానేయాలా?" అని ఒకరు అడిగారు. మాది అనంతపురం వైపు. మారతహళ్లిలో ఉంటూ, టెస్టింగ్ ఉద్యోగం చేస్తూనే ఇందులోకి వచ్చాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు కోర్సు సంగతి. ఇప్పటిదాకా ఏ క్లయింటూ నన్ను సర్టిఫికెట్ అడగలేదు. "ఇలాంటివి ఇంకేమైనా తీశారా, చూపించండి" అంటారు, "ఎప్పటికిస్తారు" అంటారు, ఆ తర్వాత బేరం మొదలుపెడతారు. అంతే. రాజా దీన్‌దయాళ్ రూర్కీలో చదివింది ఇంజినీరింగ్. ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం చేస్తూ 1874లో కెమెరా పట్టారు, తర్వాత మన హైదరాబాద్‌కొచ్చి ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. అమెరికాలో కొండల ఫోటోలకి పేరుపడ్డ గేలన్ రోవెల్ 1972 దాకా కార్ల రిపేర్ షెడ్డు నడుపుకున్నాడు. కాబట్టి సొంతంగా నేర్చుకున్నానని మొహమాటపడాల్సిన పనే లేదు.

అసలు ప్రశ్న మా నాన్న అడిగారు. "కొండలకి ఫోటోలు తీస్తే కొండలు డబ్బులిస్తాయంట్రా?" అని. అప్పట్లో కోపం వచ్చింది గానీ ఈ వృత్తిలో ఇంతకన్నా సూటి ప్రశ్న లేదు. అమెరికా ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అంతటివాడే అక్కడి యోసెమిటీ పార్కులో హోటళ్లు నడిపే కంపెనీకి ప్రచార ఫోటోలు తీసిపెట్టాడు. పెద్ద పేరొచ్చాక కూడా చాలా ఏళ్లు కంపెనీల పనులు ఒప్పుకుంటూనే ఉన్నాడు. ల్యాండ్‌స్కేప్‌తో నేరుగా వచ్చే డబ్బు తక్కువ. ల్యాండ్‌స్కేప్ నేర్పిన పనితనానికి డబ్బిచ్చేవాళ్లు మాత్రం బెంగళూరులో బోలెడంతమంది ఉన్నారు. దేవనహళ్లి, సర్జాపూర్ వైపు విల్లాలు కట్టే బిల్డర్లు, ఆర్కిటెక్టులు, ఇంటీరియర్ డిజైనర్లు, కొడగు, చిక్కమగళూరుల్లో హోమ్‌స్టేలు నడిపేవాళ్లు.

ఎలాగో చెప్తాను. ఆర్కిటెక్టుకి ప్రాణం లాంటిది సాయంత్రం ఫోటో. పొద్దు గూకాక ఆకాశం ముదురు నీలంలోకి తిరుగుతుంది, ఇంట్లో లైట్లు పసుప్పచ్చగా వెలుగుతుంటాయి. ఆ రెండు వెలుగులూ సరిసమానమయ్యే సమయం పది నిమిషాలుంటే ఎక్కువ. ముందు తీస్తే లైట్లు వేసినట్టే ఉండదు. ఆలస్యమైతే ఆకాశం నల్లబడిపోయి కిటికీలు తెల్లగా పేలిపోతాయి. అందుకని నేను నాలుగింటికే వెళ్లిపోతాను. ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటాను. వాచ్‌మన్‌ని బతిమాలి గదిగదికీ లైట్లు వేయిస్తాను, ఒక గదిలో తెల్ల బల్బు, పక్క గదిలో పసుపు బల్బు ఉంటే మార్పిస్తాను. గేటు ముందున్న కారు తీయిస్తాను. చివర్లో ముంగిట్లో బండల మీద నీళ్లు చల్లిస్తాను, తడి నేల మీద ఆ లైట్ల ప్రతిబింబం పడితే ఫోటో రూపమే మారిపోతుంది. ఇక లెన్స్ రంధ్రం ఎఫ్ 8, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100 పెట్టి, కెమెరా కదలకుండా వేర్వేరు ఎక్స్‌పోజర్లు, అంటే ఒకటి ఎక్కువ వెలుతురుతో, ఒకటి తక్కువ వెలుతురుతో, తీసుకుంటూ పోవడమే.

ఇదంతా నాకు నేర్పింది గండికోట. పెన్నా లోయ దగ్గర తెల్లవారుజామున ఆకాశం మండిపోతుంటుంది, లోయలో మాత్రం ఇంకా చీకటే. ఆకాశాన్ని చూసి వెలుతురు కొలిస్తే లోయ నల్లటి ముద్ద, లోయని చూసి కొలిస్తే ఆకాశం తెల్ల కాగితం. రెండు ఎక్స్‌పోజర్లు తీసి ఇంటికొచ్చి కలపడం అక్కడే అలవాటైంది. ఇంకో సంగతి కూడా. సూర్యుడు పైకి రాగానే జనం సెల్ఫీలు ముగించుకుని టిఫిన్‌కి వెళ్లిపోతారు. అసలు ఫోటో ఆ తర్వాతే ఉంటుంది. ఏటవాలు ఎండ లోయలోకి దిగుతున్నకొద్దీ ఎర్రటి బండల పొరలు ఒక్కొక్కటే విడివిడిగా తేలతాయి. అక్కడ ఎండ కోసం కూర్చునే ఓపిక ఉన్నవాడికి విల్లా ముందు పది నిమిషాల టెన్షన్ పెద్ద లెక్క కాదు.

గండికోట దాకా వెళ్లే తీరిక ప్రతి వారం ఉండదు కాబట్టి చేతికి దగ్గర్లో ఒకే చోటు పట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లండి. రామనగర గుట్టలు, సావనదుర్గ, హెసరఘట్ట గడ్డి మైదానం, అదీ కుదరకపోతే లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ. నంది కొండకి మాత్రం శని, ఆదివారాలు వద్దు బాబూ. గేటు దగ్గర క్యూలో ఉండగానే సూర్యుడు నడినెత్తికొచ్చినంత పనవుతుంది. చలికాలంలో మామూలు రోజున సెలవు పెట్టి వెళ్తే పొగమంచు దొరుకుతుంది. ఇక్కడ యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ అని 1971 నుంచి ఉంది. అలాంటి చోట పెద్దవాళ్లకి ఫోటోలు చూపించండి. ఇన్‌స్టాలో "సూపర్ బ్రో" అన్నవాళ్లెవరూ మన హొరైజన్ (నేల, ఆకాశం కలిసే గీత) వంకరగా ఉందని చెప్పరు.

సామాన్ల గురించి పెద్దగా చెప్పను. కొత్త కెమెరా బాడీ కంటే గట్టి ట్రైపాడ్ ముఖ్యం. లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా ఫర్వాలేదు, లోపల ఫంగస్ ఉందేమో టార్చి వేసి చూడండి చాలు.

ప్రింట్లు అమ్ముదామని అందరికీ ఉంటుంది. 24 మెగాపిక్సెల్ ఫోటో అంటే 6000 బై 4000 పిక్సెళ్లు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, అది 20 అంగుళాల వెడల్పు వస్తుంది. గోడకి పెట్టి దూరం నుంచి చూసే ప్రింటుకి 150 కూడా సరిపోతుంది, అంటే 40 అంగుళాలు. స్క్రీన్ వెలుగు తగ్గించుకుని ఎడిట్ చేయండి, లేకపోతే ప్రింటులో నీడలన్నీ మసిబొగ్గే. ముందు చిన్న ముక్క ప్రింటు వేయించి ట్యూబ్‌లైట్ కింద చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కొనేదెవరో గుర్తుపెట్టుకోండి. ఎక్కువగా కొనేది క్లినిక్కులు, ఆఫీసులు. మనకి బాగా నచ్చిన కారుమబ్బులు, ఎండిపోయిన మోడు చెట్టు ఫోటో డాక్టరుగారు వెయిటింగ్ హాల్లో ఎందుకు పెడతారు చెప్పండి? వాళ్లకి పచ్చదనం కావాలి, నీళ్లు కావాలి, తెల్లారి వెలుతురు కావాలి. నా దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయిన ఫోటో నాకు అంత నచ్చింది కూడా కాదు, ఒక చెరువు గట్టు.

కాగితాల సంగతి నిర్లక్ష్యం చేయకండి. ఒక రిసార్టు వాళ్లకి వెబ్‌సైట్ కోసమని ఫోటోలు తీసిచ్చాను. కొన్నాళ్లకి అవే హైవే మీద హోర్డింగుల్లో కనిపించాయి. అడిగితే "డబ్బులిచ్చి తీయించుకున్నాం కదండీ" అన్నారు. బాధేమిటంటే, చట్టం వాళ్ల వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. మనంతట మనం తీసుకున్న కొండ ఫోటో మనదే, దాన్ని వాడుకోవడానికి ఒకళ్లకి అనుమతిచ్చినా హక్కు మన దగ్గరే ఉంటుంది. అందుకే ఇప్పుడు ప్రతి పనికీ ముందే ఒక పేజీ ఒప్పందం రాయించుకుంటాను. హక్కు ఎవరిది, ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు, అడ్వాన్సు ఎంత. సంతకం పెట్టడానికి నసిగేవాళ్లు బాకీ తీర్చడానికీ నసుగుతారు, ఆ పని పోయినా మంచిదే.

డ్రోన్ షాట్లు అడుగుతారు. సరేనని ఒప్పుకునే ముందు డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. దేవనహళ్లి, హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టులు, యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మూలంగా ఈ ఊళ్లో చాలా చోట్ల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. బిల్డరుకి ఆ గొడవ పట్టదు, పోలీసులొస్తే పట్టుకునేది రిమోట్ చేతిలో ఉన్నవాణ్ణే. లేపాక్షి, హంపి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి కూడా అనుమతి అడుగుతారు.

ఇక ఉద్యోగం. మానేయకండి, ఇప్పుడే కాదు. మనకి కావాల్సిన వెలుతురు పొద్దున, సాయంత్రం ఉంటుంది, ఆఫీసు మధ్యలో ఉంటుంది. శని, ఆదివారాలు ఇంటీరియర్ ఫోటోల పనులకి చాలు. నేను మానేసింది నెలనెలా వచ్చే ఆర్కిటెక్టుల పని ఇంటి అద్దెకీ పిల్లల ఫీజులకీ సరిపోతుందని మా ఆవిడ లెక్కలేసి ఒప్పుకున్నాకే. మీ ఆఫర్ లెటర్ ఒకసారి తీసి చదవండి, చాలా ఐటీ కంపెనీల్లో అనుమతి లేకుండా బయట సంపాదించకూడదనే షరతు ఉంటుంది. ఉంటే హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఈలోగా తెలిసినవాళ్ల కొత్త ఫ్లాట్ ఏదైనా ఉంటే సాయంత్రం పూట ఒకటి ఊరికే తీసిపెట్టండి. ఇంటీరియర్ డిజైనర్‌కి చూపించడానికి గండికోట సూర్యోదయం కంటే అది ఎక్కువ పనికొస్తుంది.