సార్క్ మీద పీజీ చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి బీఏ (ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) చివరి ఏడాదిలో ఉంది. సార్క్ (దక్షిణాసియా దేశాలది), ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాలది) లాంటి కూటముల మీద పీజీ చేస్తానంటోంది. పంపమంటారా?

జవాబు: పంపండి. కాకపోతే కాఠ్‌మాండూలోని సార్క్ సచివాలయం కొలువు మీద ఆశ పెట్టుకోవద్దు, అక్కడి పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఢిల్లీలో వాణిజ్య విధానం మీద పనిచేసే పరిశోధన సంస్థలు, ఎగుమతి సంఘాలు, కాలేజీ బోధన నయం. వాళ్లు అడిగేది కూటమి ఏ ఏడాది పుట్టిందని కాదు, ఎందుకు నడుస్తోంది, ఎక్కడ ఆగిందని.

అందుకు ముందు చార్టర్లు, అంటే కూటముల మూల నిబంధనల పత్రాలు, తీసి చదవాలి. సార్క్ చార్టర్ పదో అధికరణం ప్రకారం ప్రతి నిర్ణయమూ ఏకగ్రీవమే, రెండు దేశాల మధ్య తగాదాలు చర్చకే రావు. 2014 సార్క్ సదస్సులో, ఒక దేశం బండ్లు ఇంకో దేశంలోకి వెళ్లనిచ్చే మోటారు వాహనాల ఒప్పందం పాకిస్తాన్ ఒక్కటి ఒప్పుకోక ఆగింది. మరుసటి ఏడాది భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ విడిగా సంతకాలు చేసుకున్నాయి. అదీ భూటాన్ ఎగువసభలో చిక్కుకుంది. యూరోపియన్ యూనియన్‌లో చాలా విషయాలకు 55 శాతం దేశాలు, 65 శాతం జనాభా ఒప్పుకుంటే చాలు. మాట తప్పిన దేశాన్ని యూనియన్ పాలన చూసే కమిషన్ యూనియన్ కోర్టుకు లాగగలదు. అలాగని కోర్టు లేని కూటమి దండగ అని తేల్చేయకూడదు, ఏకాభిప్రాయంతోనే నడిచే ఆసియాన్ సుంకాలు బాగానే తగ్గించుకుంది. దాని సభ్య దేశాల ఫ్యాక్టరీలు ఒకదాని విడిభాగాల మీద ఒకటి ఆధారపడ్డాయి మరి.

వేసవిలో ఓ పని చేయించండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులోని ఎండుమిర్చి (సరుకును గుర్తించే అంతర్జాతీయ హెచ్ఎస్ కోడ్ 090421) బంగ్లాదేశ్ వెళ్తే మామూలు సుంకమెంత, సాఫ్టా (సార్క్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) సుంకమెంత, ఆ రాయితీ వర్తించని సున్నిత జాబితాలో ఉందా, సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఎవరిస్తారు అన్నది నాలుగు పేజీల్లో రాయమనండి. విద్యార్థులు సుంకం తగ్గడం చూసి దారి సాఫీ అనుకుంటారు. పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ సరిహద్దు దాటాక బంగ్లాదేశ్ వైపు బేనాపోల్‌లో సరుకు దించి వేరే లారీకెక్కించాలి, ఖర్చూ ఆలస్యమూ అక్కడ. ఈ నాలుగు పేజీలు ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు పనికొస్తాయి.

కోర్సు విషయానికొస్తే నా ఓటు ఎమ్మే ఎకనామిక్స్‌కే, ఐఆర్ (అంతర్జాతీయ సంబంధాలు) పేపర్లు ఆప్షనల్‌గా. కాకతీయ వర్సిటీకి సీపీగెట్, జేఎన్‌యూ, హెచ్‌సీయూలకు సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. 2014 తర్వాత సార్క్ శిఖరాగ్ర సదస్సే లేదుగానీ, అది పెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీ ఢిల్లీలో నడుస్తూనే ఉంది. దానికి దరఖాస్తు విడిగా చేసుకోవాలి, ఆ తేదీలు దాని వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.