మా అమ్మాయి బొమ్మలు ఎవరికి చూపించాలి?

ప్రశ్న: మాది కోనసీమలోని రావులపాలెం. ఎరువుల కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి విశాఖలో బీఎఫ్ఏ పెయింటింగ్ పూర్తి చేసి ఏడాదైంది. మేడ మీద గదిలో కూర్చుని రోజూ బొమ్మలు వేస్తుంది. ఎక్కువగా మా ఊరి అరటి మార్కెట్, గెలలు మోసేవాళ్ల బొమ్మలే. ఎవరికీ చూపించదు. అడిగితే 'చూసి చెప్పేవాళ్లు ఇక్కడ ఎవరున్నారు నాన్నా, నన్ను హైదరాబాద్ పంపించు' అంటోంది. ఈమధ్య ఎవరో ఫోన్ చేసి 35 వేలు కడితే హైదరాబాద్‌లో గ్రూప్ షోలో బొమ్మలు పెడతామన్నారు. కట్టమంటారా? పిల్లని పంపించమంటారా? లేక ఏదైనా ఉద్యోగం చూసుకోమని చెప్పనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్కారమండీ. ముందు డబ్బు సంగతి చెబుతాను. ఆ 35 వేలు కట్టకండి.

ఇలాంటి షోల లెక్క తెలిస్తే మీకే అర్థమవుతుంది. ఒక హాలు మూడు నాలుగు రోజులకు అద్దెకు తీసుకుంటారు. ముప్పై మంది దగ్గర డబ్బు కట్టించుకుంటారు. నిర్వాహకుడి ఆదాయం అక్కడితోనే వచ్చేసింది కాబట్టి ఒక్క బొమ్మ అమ్ముడుపోకపోయినా, చూడటానికి ఒక్కరూ రాకపోయినా ఆయనకు నష్టం లేదు. కొన్నేళ్ల కిందట నేనే ఈ సంగతి సరిగ్గా తెలుసుకోకుండా ఒక విద్యార్థిని కట్టమన్నాను. ఆమె బొమ్మలు తలుపు పక్కన వేలాడదీశారు. మూడు రోజుల్లో వచ్చి చూసింది ఆమె చుట్టాలే. చివర ఒక శాలువా, ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. వాళ్ల నాన్నగారి డబ్బు పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మళ్లీ ఎవరైనా ఫోన్ చేస్తే అమ్మాయిని రెండే ప్రశ్నలు అడగమనండి: బొమ్మలు ఎంపిక చేసేది ఎవరు, పోయినసారి ఎన్నింటిని వద్దన్నారు? డబ్బు కట్టిన ప్రతివాళ్లనూ తీసుకుంటే అది ఎంపికే కాదు. ఐదుగురు స్నేహితులు కలిసి తామే హాలు మాట్లాడుకుని, అద్దె పంచుకుని షో పెట్టుకోవడం మాత్రం వేరే సంగతి. అది మంచి పని. దానికి ముందు ఆ ఐదుగురు దొరకాలి. నా జవాబంతా ఆ ఐదుగురి గురించే.

మీ అమ్మాయి అన్న మాటలో అసలు విషయం ఉంది. బీఎఫ్ఏ నాలుగేళ్లూ ఆమె పక్కన ఇంకో ఈజిల్ (బొమ్మ నిలబెట్టి వేసే స్టాండు) ఉంది. వెనక నుంచి ఎవరో ఒకరు 'ఆ చెయ్యి పొడుగైంది చూడు' అనేవారు. సెమిస్టర్ చివర డిస్‌ప్లే ఉండేది, మాస్టార్లు బొమ్మల ముందు నిలబడి మాట్లాడేవారు. చివరి పరీక్షతో ఇదంతా ఒక్కరోజులో ఆగిపోతుంది. బాగా వేసే పిల్లలు కూడా రెండు మూడేళ్లలో కుంచె పక్కన పెట్టేయడం చాలా చూశాను. వాళ్లలో ఎక్కువ మందికి ప్రతిభ తక్కువ కాలేదు, చూసేవాళ్లే కరువయ్యారు.

మీకు ఇది కొత్త విషయం కాదు. మీ కొట్టుకి రైతు తెగులు పట్టిన ఆకు తుంచుకుని వస్తాడు. తన పొలాన్ని ఆయన రోజూ చూస్తాడు, అయినా ఏం జరుగుతోందో ఇంకో కంటికి చూపించుకోవాలి. మీరు ఒక మాట చెబుతారు, అప్పటికే అక్కడున్న ఇంకో రైతు 'పోయినేడు మా చేలో కూడా ఇంతే' అంటాడు. మీ అమ్మాయికి కావలసింది అలాంటి చోటు.

దానికి హైదరాబాదే వెళ్లక్కర్లేదు. మీకు గంట దూరంలో రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. అమ్మాయి చూసే ఉంటుంది, మీరు కూడా ఒకసారి వెళ్లండి. చిత్రకారుడు రామారావు గారి ప్రతిభను ముందుగా గుర్తించినవారిలో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఒకరు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు గారు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివారు. అడివి బాపిరాజు గారు కూడా ఆ కూల్డ్రే శిష్యులే. బొంబాయిలో అంత చదివి కూడా రామారావు గారు రాజమండ్రికే తిరిగి వచ్చి చిత్రకళాశాల మొదలుపెట్టారు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత బడిని నిలబెట్టింది వరద వెంకటరత్నం వంటి తోటి చిత్రకారులు. ఆ గ్యాలరీకి వెళ్లినప్పుడల్లా నాకు ఆ చిత్రకారులంతా ఒకరి బొమ్మలు ఒకరు చూసుకున్న రోజులే గుర్తొస్తాయి.

కాబట్టి ఈ నెలలో చేయాల్సిన పని ఒక్కటే. తనతో చదివిన, ఇప్పుడు గోదావరి జిల్లాల్లో ఉన్న క్లాస్‌మేట్లు, సీనియర్లు ఎవరో అమ్మాయిని కాగితం మీద రాయమనండి. కాకినాడలో ఒకరు, భీమవరంలో ఒకరు తప్పకుండా ఉంటారు. ఒకరు స్కూల్లో డ్రాయింగ్ చెబుతుంటారు, ఇంకొకరు ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్ చేస్తుంటారు. వాళ్లూ ఇదే ఒంటరితనంతో ఉంటారని నేను ధైర్యంగా చెప్పగలను. నలుగురు చాలు, ఆరుగురు దాటొద్దు. నెలకొక ఆదివారం, పగటిపూట పదకొండు నుంచి రెండు వరకు, అందరికీ బస్సు అందే ఊళ్లో కలవాలి. ఒకరి ఇల్లయినా సరే, స్కూల్లో ఖాళీ గది దొరికినా సరే. ఒక్కొక్కరు రెండు బొమ్మలు తేవాలి, అందులో ఒకటి పూర్తికానిదై ఉండాలి. ఈ చివరి నియమం విడిచిపెట్టవద్దు. ఫ్రేమ్ కట్టిన బొమ్మ ముందు ఎవరైనా 'బాగుంది' అనే అంటారు. సగంలో ఉన్నదాని ముందు మాత్రమే నిజమైన మాట వస్తుంది.

ఎలా మాట్లాడుకోవాలన్నది కూడా ముందే అనుకోవాలి. లేకపోతే రెండో నెలకే ఒకరు అలుగుతారు. ఒకరి బొమ్మను అందరూ చూసి మంచీచెడూ మాట్లాడటాన్ని ఆర్ట్ కాలేజీల్లో క్రిట్ అంటారు కదా, దాన్ని మనుషులు గాయపడకుండా నడపడానికి లిజ్ లెర్మన్ అనే అమెరికా నృత్య దర్శకురాలు 1990లో ఒక పద్ధతి తయారుచేశారు. నాలుగు మెట్లు. మొదట చూసినవాళ్లు తమకు ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత బొమ్మ వేసినవాళ్లు తమ అనుమానాలు అడుగుతారు. ఆ తర్వాత చూసినవాళ్లు అడుగుతారు, కానీ ప్రశ్నలో తీర్పు ఉండకూడదు. ఆఖరున అభిప్రాయం, అది కూడా 'దీని గురించి నాకొక మాట ఉంది, చెప్పనా?' అని అడిగి, సరేనంటేనే.

ఉదాహరణకి మీ అమ్మాయి మార్కెట్ బొమ్మ పెట్టిందనుకోండి. ఒకరు 'సైకిల్ మీద గెలల బరువుకి వెనక చక్రం నలిగినట్టు కనిపించింది, అది నాకు బాగా పట్టింది' అంటారు. అమ్మాయి 'వెనకున్న మనుషులు గుంపుగా కలిసిపోయారా, విడిగా కనిపిస్తున్నారా?' అని అడుగుతుంది. ఇంకొకరు 'ఆకుపచ్చ ఒక్కటే వాడావు, ఏమనుకుని వాడావు?' అంటారు. 'ఆకుపచ్చ ఎందుకంత ఎక్కువైంది?' అని అడిగితే అది ప్రశ్న కాదు, తిట్టు. ఈ రెండు వాక్యాల తేడా నలుగురికీ వంటబట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి. ఒకరికి అరగంట చొప్పున సమయం పెట్టుకుని, విన్నది అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో రాసుకుని, జవాబు చెప్పుకోవడం మానేస్తే ఇంకా మంచిది. విన్నదంతా పాటించక్కర్లేదు. ముగ్గురు వేరువేరుగా ఒకే చోట వేలు పెట్టారంటే మాత్రం అక్కడ ఏదో ఉంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే సరిపోదా అని మీరు అనుకోవచ్చు. పెట్టనివ్వండి, దూరంలో ఉన్నవాళ్లకి పని కనిపించడానికి అది పనికొస్తుంది. లైక్ మాత్రం అభిప్రాయం కాదు. ఆరడుగుల కాన్వాస్ ఫోన్‌లో అరచేతంత అయిపోతుంది, రంగు మందం కూడా తెలియదు.

తండ్రిగా మీకు ఒక విన్నపం. ఆ మీటింగ్‌లో మీరు కూర్చోవద్దు. దింపి రండి, మళ్లీ తీసుకురండి, ఆ మధ్యలో గదిలోకి వెళ్లకండి. నాన్న ఎదురుగా ఉంటే ఎవరూ నోరు విప్పరు. జాగ్రత్త అవసరమైన చోటు ఇంకొకటుంది. పెద్ద ఆర్టిస్టులు పిలిచే ఆర్ట్ క్యాంపులకు వెళ్లేముందు ఇంకెవరెవరు వస్తున్నారు, బస ఎక్కడ, పోయినసారి వెళ్లిన అమ్మాయిలు ఏమంటున్నారు అన్నది తెలుసుకుని వెళ్లమనండి. మంచి క్యాంపు నిర్వాహకులు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతారు. ఇంకో రకం పెద్దలుంటారు, పిల్లలు తమలాగే వేస్తేనే మెచ్చుకుంటారు. వాళ్ల దగ్గర పని నేర్చుకోవచ్చు, అభిప్రాయం అడగకపోవడం మేలు.

ఆరు నెలలు ఈ నలుగురి మధ్య గడిచాక బయటికి అడుగేయాలి. మీకు దగ్గర్లోనే అమలాపురంలో కోనసీమ చిత్రకళా పరిషత్ దేశవ్యాప్త పోటీలు, ప్రదర్శనలు పెడుతుంది. బొమ్మ పంపడంతో ఆగకుండా ప్రదర్శన రోజు వెళ్లి, తనకు నచ్చిన మూడు బొమ్మలు వేసినవాళ్లు ఎవరో కనుక్కుని పలకరించి రమ్మనండి. నెట్‌వర్కింగ్ అంటే ఇంతే. విజిటింగ్ కార్డులు పంచడం కన్నా 'మీ బొమ్మలో ఆ మూల నాకు అర్థం కాలేదు, చెబుతారా?' అని అడగడం చాలా దూరం తీసుకెళ్తుంది.

హైదరాబాద్‌కి మకాం మార్చడం కంటే మూడు నెలలకోసారి వెళ్లి రావడం మేలని నా అభిప్రాయం. రాజమండ్రిలో రాత్రి గౌతమి ఎక్కితే పొద్దున్నకి హైదరాబాద్‌లో ఉంటుంది. మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, బంజారా హిల్స్‌లో కళాకృతి గ్యాలరీ, అక్కడే లామకాన్ అనే సాంస్కృతిక వేదిక, ఇవన్నీ రెండు రోజుల్లో తిరిగి చూడొచ్చు. షో మొదటిరోజు సాయంత్రం వెళ్తే ఆర్టిస్టులే ఉంటారు. ఊరికే నెలకు పది పదిహేను వేలు అద్దెకి పోసి, ఒంటరిగా ఇంకో గదిలో కూర్చుంటే మీ మేడ గదికీ దానికీ తేడా ఏముంది? బీఎఫ్ఏ తర్వాత చదివే ఎంఎఫ్ఏలో సీటొచ్చి వెళ్తే మాత్రం తప్పకుండా పంపించండి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), బరోడా, శాంతినికేతన్, ఏదైనా సరే. అక్కడ దొరికేవాళ్లలో అందరికన్నా విలువైనవాళ్లు క్లాస్‌మేట్లే. చిత్రకారులు లక్ష్మా గౌడ్ గారు, తోట వైకుంఠం గారు ఇద్దరూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చి హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవాళ్లు. తిరిగొచ్చి వేసింది తమ ఊళ్లనే. మీ అమ్మాయి అరటి మార్కెట్ వేస్తోందని రాశారు. ఆ వస్తువు వదలొద్దని నా మాటగా చెప్పండి.

ఇంకాస్త దూరంలో మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్ 2003 నుంచి నిర్వహిస్తున్న చిత్ర సంతె, జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు పొడుగునా జరుగుతుంది. ముందే దరఖాస్తు చేసుకోవాలి. రోజంతా తన బొమ్మల పక్కన నిలబడి, ముక్కూమొహం తెలియనివాళ్లు ధర అడిగితే చెప్పడం ఒక చదువు. చెన్నై గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో ప్రింట్‌మేకింగ్ (పలక మీద బొమ్మ తయారుచేసి కాగితం మీద ముద్రించడం) లాంటి వాటికి స్టూడియోలున్నాయి, ఇంట్లో ప్రెస్ పెట్టుకోలేని పిల్లలకు గొప్ప ఆసరా. ఇక ఢిల్లీలో ఖోజ్ అనే సంస్థ కొత్తగా చదువు ముగించినవాళ్ల కోసం 'పీర్స్' అనే రెసిడెన్సీ నడుపుతుంది. దేశం నలుమూలల నుంచి ఎంపికైన కొద్దిమంది కొన్ని వారాలు ఒకేచోట ఉండి పని చేస్తారు. పోటీ గట్టిగానే ఉంటుంది, అయినా దరఖాస్తు పెట్టాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్ కూడా ఉంది: 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి నెలకు 5,000 చొప్పున రెండేళ్లు.

ఇలాంటి దరఖాస్తుల్లో చాలావాటికి పది పన్నెండు బొమ్మల ఫోటోలు, తన పని గురించి ఒక పేజీ స్టేట్‌మెంట్, తన పనిని ఎరిగిన ఒకరిద్దరి పేర్లు అడుగుతారు. గదిలోంచి బయటికి రాని పిల్లకి ఈ మూడో గడి ఖాళీగా ఉండిపోతుంది. స్టేట్‌మెంట్ కూడా నలుగురి ముందు పది నెలలు మాట్లాడాకే సొంత మాటల్లో వస్తుంది. ఫోటోల విషయానికొస్తే ఫోన్ చాలు: ఎండ నేరుగా పడని వెలుతురులో, ఫ్రేమ్, అద్దం తీసేసి, ఫోన్‌ని బొమ్మకి ఎదురుగా సమంగా పట్టుకుని తీయాలి. ప్రతి ఫోటోకీ పేరు, కొలత, మాధ్యమం, సంవత్సరం రాసిపెట్టుకోవాలి.

ఉద్యోగం గురించి అడిగారు. చేయనివ్వండి, స్కూల్లో డ్రాయింగ్ చెప్పినా, డిజైనింగ్ చేసినా తప్పు లేదు. వారంలో రెండు పగళ్లు మాత్రం బొమ్మలకి మిగిలేలా చూసుకోవాలి. మద్రాసు ఆర్ట్ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి బాతిక్ బట్టలు, చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బుతో స్థలం కొని 1966లో చోళమండల్ అనే కళాకారుల ఊరు కట్టుకున్నారు. పొట్టకూటి పనిని కూడా కలిసే చేశారు. మీ అమ్మాయి నలుగురిలో ఒకరికి స్కూలు గోడల మీద బొమ్మలు వేసే పని వస్తే మిగతా ముగ్గురికీ కబురు వెళ్తుంది. ఇలా మొదటి సంపాదన చూసిన పిల్లలు నాకు చాలామంది తెలుసు.

ఆ 35 వేలని అమ్మాయి పేరు మీద విడిగా ఉంచండి. నెలనెలా బస్సు ఛార్జీలు, ఏడాదిలో నాలుగుసార్లు హైదరాబాద్ టికెట్లు, కాన్వాస్, రంగులు, బెంగళూరు ప్రయాణం, వీటిలో చాలా భాగం అందులోనే వెళ్లిపోతుంది. ఈ జవాబు ఆమెనే చదవమనండి. ఎవరెవరిని పిలవాలన్నది మీరు చెప్పొద్దు, తననే ఎంచుకోనివ్వండి. మొదటి ఆదివారానికి మాత్రం గోడకి తిప్పి పెట్టేసిన, పూర్తికాని బొమ్మ ఏదో ఒకటి ఆ గదిలో తప్పకుండా ఉంటుంది. అదే తీసుకెళ్లమనండి.