ఫోర్ బై ఫోర్ కారుంటే మనాలీ మంచులో టైర్లకు చుట్టే చైన్లు అక్కర్లేదా?

కావాలి. ఫోర్ బై ఫోర్ అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందడం, అది బండి కదలడానికి సాయపడుతుంది గానీ ఆగడానికి కాదు. బ్రేకులు ఏ కారులోనైనా నాలుగు చక్రాల మీదే పనిచేస్తాయి, అసలు ఆపేది టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు. హైదరాబాద్‌లో వాడే మామూలు టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కన్నా చలి ముదిరితే గట్టిపడి, ఆ పట్టు ఇంకా తగ్గుతుంది.

ఉదాహరణకు, మనాలీ దగ్గరి సోలాంగ్ నుంచి పైనున్న అటల్ టన్నెల్ దాకా ఇబ్బంది లేకుండా ఎక్కిన బండే, తిరిగి దిగేటప్పుడు మలుపులో బ్రేకు నొక్కగానే జారిపోవచ్చు. చైన్లు వేసుకుని, తక్కువ గేరులో, మెల్లగా దిగండి. మంచులేని తారు రోడ్డు రాగానే తీసేయాలి.

మంచు పడ్డాక పోలీసులు ఒక్కోసారి ఫోర్ బై ఫోర్ బళ్లనే పైకి వదులుతారు. దాంతో ఇక టెన్షన్ లేదనుకుంటారు చాలామంది. అది ఎక్కడానికి దొరికిన అనుమతి మాత్రమే.