కోల్‌కతాలో ఎక్కడ తినాలి, ఎక్కడ కూర్చోవాలి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కోల్‌కతాకు బదిలీ మీద వెళ్తున్నవారి నుంచీ, చూడటానికి వెళ్తున్నవారి నుంచీ కొన్ని ఉత్తరాలు వచ్చాయి. ఈ సంచికలో శీర్షికను వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నాకు కోల్‌కతాకు బదిలీ అయింది. హైదరాబాద్‌లో, బెంగళూరులో చూసిన పబ్బుల్లాంటివి కాకుండా, ఆ ఊళ్లో మాత్రమే దొరికే చోట స్నేహితులతో సాయంత్రాలు గడపాలని ఉంది. మా బృందంలో ఇద్దరు మహిళలు కూడా ఉంటారు. ఎక్కడికి వెళ్లమంటారు?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ముందుగా పార్క్ స్ట్రీట్‌కు వెళ్లండి. దానికి మదర్ థెరిసా సరణి అని పేరు మార్చినా, ఊళ్లో అందరి నోటా వినిపించేది పాత పేరే. 1950లు, 60లలో ఈ వీధిలోని రెస్టారెంట్లలో ప్రతి రాత్రీ బ్యాండు వాయించేది, గాయనులు పాడేవారు. మొకాంబోలో పామ్ క్రెయిన్ జాజ్ పాడితే, బ్లూ ఫాక్స్‌లో లూయిజ్ బ్యాంక్స్ పియానో వాయించారు. తెలుగు సినిమాల్లోనూ పాడిన ఉషా ఉథుప్, 1969లో పట్టు చీర, పెద్ద బొట్టుతో ట్రింకాస్ వేదిక మీద ఇంగ్లిష్ పాటలు పాడి ఊరంతటినీ తన వైపు తిప్పుకున్నారు. తర్వాతి దశాబ్దంలో భారీ వినోదపు పన్ను, రాజకీయ అలజడులు, కరెంటు కోతలు కలిసి ఈ సంగీతాన్ని దాదాపు ఆర్పేశాయి. బ్లూ ఫాక్స్ మూతపడింది. ట్రింకాస్‌లో మాత్రం నేటికీ సాయంత్రాలు బ్యాండు వాయిస్తుంది, అందుకే మీ మొదటి సాయంత్రానికి దాన్నే సూచిస్తున్నాం. పాటలు మొదలయ్యే వేళను ఫోనులో కనుక్కుని, వేదిక కనిపించే బల్ల అడిగి పెట్టుకోండి. కుటుంబాలు కూడా వచ్చే చోటు కాబట్టి మీ బృందంలోని మహిళలకు ఏ ఇబ్బందీ ఉండదు.

భోజనానికి అదే వీధిలోని పీటర్ క్యాట్‌కు వెళ్లవచ్చు. అక్కడి చెలో కబాబ్ అంటే వెన్న వేసిన అన్నం, దాని మీద గుడ్డు, పక్కన కబాబులు. ఇరాన్ నుంచి వచ్చిన ఈ వంటకాన్ని కోల్‌కతా తన సొంతం చేసుకుంది. సెలవు రోజుల్లో బయట చాలాసేపు నిలబడాల్సి వస్తుంది కనుక వారం మధ్యలో వెళ్లడం మేలు. అందరికీ పేరు తెలిసిన ఫ్లూరీస్ 1927 నాటిది, కానీ అది ఉదయం టీకి, కేకులకు వెళ్లవలసిన చోటే తప్ప సాయంత్రపు చోటు కాదు.

పార్క్ స్ట్రీట్‌కు పూర్తిగా భిన్నమైన చోటు ధర్మతల్లాలో మెట్రో సినిమా వెనక ఉంది. 1872లో మొదలైన ఆ బారు అసలు పేరు షాస్ బార్ అయినా, అందరూ పిలిచేది ఛోటా బ్రిస్టల్ అనే. అక్కడ సంగీతం ఉండదు, అలంకారం ఉండదు. ఖాళీ కుర్చీ ఎక్కడ కనిపిస్తే అక్కడ, ముక్కూ మొహం తెలియనివారి పక్కనే కూర్చోవాలి. డబ్బు చివర్లో కాదు, ప్రతిసారీ గ్లాసు రాగానే వెంటనే ఇచ్చేయాలి. కోర్టు గుమాస్తా, దళారి, కాలేజీ పంతులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఫుట్‌బాల్ గురించో ఎన్నికల గురించో వాదించుకునే అలాంటి బార్లు మన దేశంలో ఇక ఎక్కువ మిగలలేదు, ఆ ఒక్క కారణానికే దాన్ని చూడమంటున్నాం. అయితే చాలాకాలం పాటు మగవాళ్లకే పరిమితమైన బారు అది. ఇప్పుడు మహిళలను రానిస్తున్నా గుంపంతా ఇంచుమించు మగవాళ్లే కాబట్టి, మీ సహోద్యోగినులకు ముందే చెప్పి, వారు సరేనంటేనే తీసుకువెళ్లండి. పశ్చిమ బెంగాల్‌లో మద్యం తాగడానికి కనీస వయసు 21 ఏళ్లు.

ప్రశ్న: మాది భీమవరం. మా నాన్నగారికి చేపల కూరతో అన్నం లేనిదే భోజనం చేసినట్టు ఉండదు. కోల్‌కతాలో పెద్ద హోటల్ కాకుండా, అక్కడివాళ్లు రోజూ తినే భోజనం ఎక్కడ దొరుకుతుంది?
(ఒక పాఠకురాలు, భీమవరం)

జవాబు: మీ నాన్నగారిని పైస్ హోటల్‌కు తీసుకువెళ్లండి. పల్లెల నుంచి వచ్చి నగరంలో గదుల్లో ఉండే గుమాస్తాలకు, విద్యార్థులకు పైసల్లో భోజనం పెట్టడానికి ఒక శతాబ్దం కిందట పుట్టుకొచ్చిన పూటకూళ్ల ఇళ్లు ఇవి. వాటిలో ఇంకా నడుస్తున్నవాటిలో రెండు మీకు అనువుగా ఉంటాయి. ఒకటి, ప్రెసిడెన్సీ కాలేజీ దగ్గరి సందులో ఉన్న స్వాధీన్ భారత్ హిందూ హోటల్. నేతాజీ సుభాష్ చంద్ర బోస్ చదువుకునే రోజుల్లో ఇక్కడ తినేవారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. హిందూ హోటల్ అన్న పేరుకు స్వాధీన్ భారత్ అన్న మాటలు చేరింది స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతే. రెండోది, న్యూ మార్కెట్‌కు దగ్గర్లోని సిద్ధేశ్వరి ఆశ్రమ్.

ఆంధ్రా మెస్సుకు అలవాటు పడినవారు ఇక్కడ ఒక పద్ధతి తెలుసుకుని వెళ్లాలి. మన దగ్గర ఒక్క ధర కట్టి కూర్చుంటే పప్పు, కూర, పులుసు, పెరుగు అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. పైస్ హోటల్లో దేని లెక్క దానిదే. అన్నానికి ఒక ధర, పప్పుకు ఒక ధర, చేప ముక్కకు రకాన్ని బట్టి ఒక ధర, చివరికి అరిటాకుకూ నిమ్మచెక్కకూ కూడా విడిగా లెక్క కడతారు. ఇది పిసినారితనమని అనుకోవద్దు. జేబులో ఉన్న చిల్లరకు సరిపడా తిని గౌరవంగా లేచి వెళ్లగలిగేలా పేద విద్యార్థి కోసం ఏర్పడిన పద్ధతి ఇది, మాకు ఇందులో చాలా మర్యాద కనిపిస్తుంది. ఆ రోజు ఏమేం ఉన్నాయో పలక మీద రాసి పెడతారు. మీకు బెంగాలీ చదవడం రాకపోతే వడ్డించేవారు నోటితోనే గడగడా చెబుతారు. మధ్యాహ్నం 12 గంటలకల్లా వెళ్లండి, ఆలస్యమైతే మంచి చేపలు అయిపోతాయి.

మీ నాన్నగారికి ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. బెంగాల్ తినే రోహు, కట్లలో పెద్ద భాగం మీ జిల్లా నుంచీ, కొల్లేరు చుట్టుపక్కల నుంచీ ఐసు పెట్టెల్లో లారీల మీద హౌరా చేపల మార్కెట్‌కు చేరేదే. ఆకివీడు చెరువులో పెరిగిన చేప ఆవపిండితో, ఆవ నూనెతో మరో రుచి పట్టి ఆయన ఆకులోకి రావచ్చు. వానాకాలంలో వెళ్తే మాత్రం ఇలిష్ అడగండి. అది మన గోదావరి పులసే. మనం బెండకాయలు వేసి పులుసు పెట్టే చేపను అక్కడ ఆవ ముద్ద పట్టించి ఆవిరి మీద ఉడికిస్తారు. ముళ్లు చాలా ఎక్కువ కనుక తొందరపడకుండా తినమని చెప్పండి. మాంసం, చేప లేని రోజున ఆలూ పోస్తో, అంటే గసగసాల ముద్దతో చేసిన బంగాళాదుంప కూర, అన్నంలోకి చాలా బాగుంటుంది.

ప్రశ్న: కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌కు అంత పేరెందుకు? తప్పక చూడాలా?
(ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: చూడాలి, కానీ కాఫీ కోసం కాదు. మన ఫిల్టర్ కాఫీకి అలవాటు పడిన నోటికి అక్కడి కాఫీ ఆనదు. 1876 నాటి ఆల్బర్ట్ హాల్లో 1942లో కాఫీ బోర్డు తెరిచిన ఈ హోటల్‌ను ఇప్పుడు అందులో పనిచేసేవారి సహకార సంఘమే నడుపుతోంది. ఒక్క కప్పు తీసుకుని రెండు గంటలు కూర్చున్నా లేవమని ఎవరూ అనరు, బెంగాలీ కవులు, దర్శకులు, రాజకీయ కార్యకర్తలు తరాల తరబడి అక్కడ చేరడానికి ఆ ఓర్పే కారణం. మేడ మీది వసారాలో కూర్చోండి. పాలు లేని కాఫీని అక్కడ ఇన్‌ఫ్యూజన్ అంటారు. తర్వాత నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్న పారామౌంట్‌లో డాబ్ షర్బత్ తాగండి. 1918 నుంచీ ఉన్న ఆ కొట్టులో కొబ్బరి నీళ్లు, లేత కొబ్బరితో చేసే ఈ పానీయాన్ని రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ సూచించారని ప్రసిద్ధి.

ప్రశ్న: కోల్‌కతాలో చైనీయుల ఉదయపు ఫలహారం గురించి విన్నాం. ఏ రోజు వెళ్లాలి?
(ఒక పాఠకుడు, ఖరగ్‌పూర్)

జవాబు: ఆదివారం, తెల్లవారుతూనే. పోద్దార్ కోర్టు భవనం దగ్గరి టిరెట్టా బజార్‌కు ఆరు గంటలకే చేరుకోండి, ఎనిమిది దాటితే గిన్నెలు ఖాళీ అవుతుంటాయి. చేప ఉండల సూపు, ఆవిరి మీద ఉడికించిన పంది మాంసపు బన్నులు, మోమోలు దొరుకుతాయి. 18వ శతాబ్దం చివరి నుంచీ ఈ నగరంలో స్థిరపడిన చైనీయులు 1962 యుద్ధం తర్వాత నిర్బంధాలకూ అనుమానాలకూ గురై పెద్ద సంఖ్యలో వలస వెళ్లిపోయారు. అందువల్ల ఈ సంత ఏడాదికేడాది చిన్నదవుతోంది, అమ్మేవారిలో చైనీయేతరులూ చేరారు. వెళ్లదలచుకుంటే వాయిదా వేయవద్దు. అక్కడి ముసలివారిని అడగకుండా ఫొటోలు తీయవద్దని కూడా మా విన్నపం.

ప్రశ్న: జనవరిలో మా అత్తగారితో వెళ్తున్నాను. ఆవిడ మాంసమే కాదు, గుడ్డు కూడా ముట్టరు. ఆవిడ కోసం ఏదైనా చెప్పండి.
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: మీరు సరైన నెలలోనే వెళ్తున్నారు. చలికాలంలో బెంగాల్‌లో ఈత చెట్లకు గీత పెట్టి తీసిన రసాన్ని కాచి కొత్త బెల్లం చేస్తారు. దాన్ని నొలేన్ గుర్ అంటారు. మన ఊళ్లలో కల్లుకు గీసే ఈత చెట్టే అది. పాలు విరిచి తీసిన ఛెనాలో ఈ బెల్లం కలిపి చేసే సొందేశ్ ఆ రెండు మూడు నెలలే దొరుకుతుంది. ఉత్తర కోల్‌కతాలో హేదువా దగ్గర 1844 నాటి గిరీశ్ చంద్ర దే, నకూర్ చంద్ర నందీల దుకాణానికి తీసుకువెళ్లండి. కూర్చునే చోటు ఉండదు, కటకటాల ఇవతల నిలబడి కొనుక్కోవాలి. లోపల బెల్లం పాకం నిండి ఉండే జొల్‌భరా అనే రకాన్ని ఆవిడ చేత తప్పక తినిపించండి, కొరికేటప్పుడు చీర మీద పడకుండా చూసుకోమనండి. ఉదయం ఫలహారానికి కాలేజ్ స్ట్రీట్‌లోని పుటీరామ్‌లో కొచూరీ, శనగపప్పు కూర ఉంటాయి. ఇంటికి తేవాలనుకుంటే మెత్తని సొందేశ్ వద్దు, రైల్లో పాడైపోతుంది. గట్టి పాకం రకం అడిగి తీసుకోండి.