రబ్బరు వాషర్లు మార్చే పనంటే అంత చిన్నచూపా?

ప్రశ్న: మావాడు మెకానికల్ డిప్లొమా చేసి, రామగుండం వైపు పంపుల మెయింటెనెన్స్ కాంట్రాక్టరు దగ్గర చేరాడు. రోజూ లీకులు ఆపే సీళ్లు, గ్యాస్కెట్లు మార్చడమే పనట. మాన్పించి అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేర్పిద్దామా? రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, హసన్‌పర్తి

జవాబు: సార్, మీ అసలు టెన్షన్ కోర్సు గురించి కాదు. పెళ్లిలోనో పేరంటంలోనో ‘మీవాడు ఏం చేస్తున్నాడు’ అని అడిగితే ఏం చెప్పాలా అని. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్ గట్టిపడితే పప్పు ఉడకదు, అంతే. ప్లాంటులో సీల్ పోతే పంపే ఆగుతుంది. విప్పి తీసిన పాత రబ్బరు వలయం, అదే ఓ-రింగ్‌ని వేళ్లతో నొక్కి చూడటంలోనే ఉంది ఆ విద్య. చదునైపోయి మళ్లీ గుండ్రంగా రాలేదా, వేడికీ ఒత్తిడికీ అలసిపోయిందన్నమాట. ఉబ్బి మెత్తబడిందా, తగిలిన ద్రవం ఆ రబ్బరుకు పడలేదన్నమాట. నైట్రైల్ అనే రబ్బరు నూనెకు ఆగుతుంది. ఈపీడీఎం అనే రకం వేడినీళ్లకు భేషుగ్గా పనిచేస్తుంది కానీ మామూలు గ్రీజు రాస్తే ఉబ్బిపోతుంది. బాగా వేడి ఉన్నచోట విటాన్ అనే రబ్బరు వేస్తారు, ధర ఎక్కువ. చూడ్డానికి చాలావరకు అన్నీ నల్లగానే ఉంటాయి!

ఓడల్లోనూ ఇదే పని. సరుకు గది మూత అంచుకు సుద్ద రాసి, మూసి, తెరిచి చూస్తారు. రబ్బరు మీద సుద్ద గీత ఎక్కడ తెగితే అక్కడ నీళ్లు దిగే ప్రమాదం ఉన్నట్టు. విశాఖలో ఓడల మరమ్మతులు జరుగుతాయి, ఈ చేతిపని అక్కడా అక్కరకొస్తుంది.

ఇక ఏఐ. కోడింగ్ మీద ఇష్టం ఉన్నవాణ్ని నేనెప్పుడూ ఆపలేదు. కానీ ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డు కనిపిస్తే నాకు అనుమానమే. కొన్నిచోట్ల పేరే ఏఐ, లోపల చెప్పేది పాత పైథాన్ పాఠాలే. అసలు మీవాడికి ఏది ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఫీజు మీరు కడతారు సరే, కూర్చుని చదవాల్సింది వాడు కదా! ఇది మాత్రం మీ తప్పే.

మీరు పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పీఎఫ్ కడుతున్నారా? లైనులో ప్రెజర్ పూర్తిగా దించాకే బోల్టు విప్పిస్తున్నారా? పంపులో తిరిగే ఇరుసు దగ్గర లీకు ఆపే మెకానికల్ సీల్ మీద చెయ్యి పెట్టనిస్తున్నారా, లేక ఏడాదంతా గ్యాస్కెట్ల కోసం షీటు కత్తిరించడమేనా? అదొక్కటే అయితే కాంట్రాక్టరును మార్చమనండి, పనిని కాదు.

ఆదివారం వాడు ఇంటికొస్తే జీతం ఊసెత్తకుండా, ఈ వారం ఏ సీల్ ఎందుకు పోయిందో అడగండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపకండి. ‘ఏమో, మార్చమన్నారు, మార్చాను’ అంటే నాకు మళ్లీ రాయండి, అమీర్‌పేట సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.