యోగా, ఆయుర్వేదం రెండూ కలిపి వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ఆయుర్వేదం, యోగా రెండూ నేర్చుకుని రోగులను చూస్తానంటోంది. బీఏఎంఎస్‌లో చేర్చాలా, బీఎన్‌వైఎస్‌లోనా?
– ఒక తండ్రి, నంద్యాల

ముందు అమ్మాయిని ఒక్క మాట అడగండి: ఆయుర్వేద మందు రాయాలని ఉందా? ఉంటే ఆయుర్వేద వైద్య డిగ్రీ అయిన బీఏఎంఎస్ తప్ప వేరే దారి లేదు. బీఎన్‌వైఎస్ ప్రకృతి చికిత్స, యోగాల కోర్సు. ఆహారం, ఉపవాసం, జలచికిత్స, ఆసన ప్రాణాయామాలు అందులో బాగా నేర్పుతారు. ఆయుర్వేద ఔషధాలు రాసే అధికారం మాత్రం దానితో రాదు. రెండింటికీ పట్టే కాలం ఒకటే: నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదున్నరేళ్లు.

బీఏఎంఎస్‌కు నీట్ రాయాలి. ఈ చదువును నియంత్రించేది 2020 చట్టంతో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్. మన దగ్గర ప్రభుత్వ కళాశాలలు హైదరాబాద్ ఎర్రగడ్డలో, వరంగల్‌లో, విజయవాడలో ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆయుర్వేద కళాశాల ఉంది. బీఎన్‌వైఎస్‌కైతే హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల.

బీఏఎంఎస్‌లో స్వస్థవృత్తం (ఆరోగ్యాన్ని కాపాడుకునే పద్ధతులు) అనే సబ్జెక్టులో యోగా ఉంటుంది. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు, రోగి చేత చేయించడానికి చాలదు. అందుకే చాలామంది ఆయుర్వేద వైద్యులు ప్రిస్క్రిప్షన్ చివర 'యోగా చేయండి' అని రాసి ఊరుకుంటారు. ఏ ఆసనం, ఎంతసేపు, ఏది వద్దు అన్నది ఉండదు. డిగ్రీ చదివే ఐదున్నరేళ్లూ ఒకే గురువు దగ్గర రోజూ గంట సాధన చేస్తూ, ఆ తర్వాత ఎమ్మెస్సీ యోగా థెరపీ గానీ, స్వస్థవృత్తంలో మూడేళ్ల ఎండీ గానీ చేస్తే రెండు చేతులూ సమంగా పనిచేస్తాయి. యోగా థెరపీకి బెంగళూరు ఎస్-వ్యాస, 1924లో స్వామి కువలయానంద స్థాపించిన లోనావ్లా కైవల్యధామ పేరున్నవి. యోగాలో పీజీ విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఉంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, బీకాం చదివాను. ఆరేళ్లుగా యోగా క్లాసులు చెబుతున్నాను. ఏడాది ఆయుర్వేద డిప్లొమా ఆన్‌లైన్‌లో చేసి, 'యోగా–ఆయుర్వేద చికిత్సాలయం' అని బోర్డు పెట్టుకోవచ్చా?
– యోగా టీచర్, సిద్దిపేట

పెట్టకండి. ఏడాది డిప్లొమాతో వైద్యుడిగా రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా నాడి చూసి మందు ఇవ్వడం శిక్షార్హం. 'షుగరు నయం చేస్తాం', 'క్యాన్సర్ తగ్గిస్తాం' అని కరపత్రం వేస్తే 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కిందికి వస్తుంది. అది డిగ్రీ ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. పైగా ఆయుర్వేద మందంటే అంతా ఆకూ వేరూ కాదు. వత్సనాభి, ముష్టి గింజ, నల్లజీడి, ఉమ్మెత్త వంటివి చట్టంలోనే విషద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. శోధన (విషగుణం తీసే శుద్ధి), మోతాదు తెలియని చేతిలో అవి ప్రాణాంతకం.

మీకు సరిపడే దారి వేరే ఉంది. ఆయుష్ మంత్రిత్వశాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు పెడుతుంది. బోధన వైపు మొదటి మెట్టు యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ (200 గంటల పాఠ్యక్రమం), రెండోది వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్ (400 గంటలు). చికిత్స వైపు అసిస్టెంట్ యోగా థెరపిస్ట్, యోగా థెరపిస్ట్ వేరే వరుస. మీ అనుభవంతో బోధన పరీక్ష ఇప్పుడే రాయొచ్చు. ఆ తర్వాత చికిత్స వరుసకు సిద్ధమవుతూ ఒక బీఏఎంఎస్ డాక్టరు దగ్గర థెరపిస్టుగా చేరండి. రోగనిర్ధారణ, మందు ఆయనవి. ఆసనం, శ్వాస, సడలింపు మీవి. పంచకర్మ (ఆయుర్వేద శుద్ధి చికిత్సలు) పనితనం కూడా కావాలంటే కేరళ చెరుతురుత్తిలోని జాతీయ పంచకర్మ పరిశోధన సంస్థలో ఏడాది టెక్నీషియన్ కోర్సు ఉంది.

కోర్సు ఎంచుకునేటప్పుడు కాగితం మీది గంటలను రోజులతో భాగించి చూడండి. 200 గంటలు 21 రోజుల్లో అంటే రోజుకు తొమ్మిదిన్నర గంటలు. అంతసేపు ఒళ్లు వంచితే ఏ మెదడుకూ పాఠం ఎక్కదు. తర్వాత అడగాల్సింది: నిజమైన రోగులను ఎన్ని గంటలు చూపిస్తారు, పక్కన ఎవరు ఉంటారు? సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.

ప్రశ్న: యోగా థెరపీ సెషన్‌లో ముందుగా ఏం రాసుకోవాలి? షుగరు, బీపీ ఉన్నవాళ్లు వస్తే భయంగా ఉంటోంది.
– ట్రైనీ థెరపిస్ట్, నిజామాబాద్

ఆ భయం కొంత ఉండటమే మంచిది. కేస్ షీటులో డాక్టరు చెప్పిన జబ్బు పేరు, వాడుతున్న మందులన్నీ, ఆపరేషన్లు, ఆ రోజు బీపీ, ఆడవాళ్లయితే గర్భం, నెలసరి వివరాలు రాయండి. ఆయుర్వేద పద్ధతిలో ఆకలి, విరేచనం, నిద్ర, నాలుక మీద పూత చేర్చండి. నొప్పికి 0 నుంచి 10 అంకె వేయించండి. రెండు వారాలకు మళ్లీ అదే అడిగితే ఫలితం తెలుస్తుంది.

షుగరు రోగి విషయంలో చూడాల్సింది ఆసనం కంటే ముందు మందు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వేసుకుని, తెల్లవారుజామున ఖాళీ కడుపుతో గంటసేపు చేస్తే చక్కెర పడిపోతుంది. మొదలుపెట్టే ముందు 100 కంటే తక్కువుంటే కొంచెం ఏదైనా తినిపించండి. చెమట, వణుకు, తికమక కనిపిస్తే ఆపి పరీక్ష చేయండి. 70 కంటే తక్కువైతే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పంపండి.

అదుపులో లేని బీపీ, హెర్నియా, గర్భం, మూర్ఛ, ఇటీవలి పొట్ట ఆపరేషన్ ఉంటే కపాలభాతి వద్దు. గ్లాకోమా ఉన్నవాళ్లకు తలకిందులు ఆసనాలు కంటి ఒత్తిడి పెంచుతాయి. ఎముకలు పలచబడ్డ పెద్దవాళ్లను ముందుకు బాగా వంచితే వెన్నుపూస విరగొచ్చు. డిస్క్ జారి కాలులోకి నొప్పి లాగే వారికీ మొదట్లో ముందుకు వంగడం వద్దు.

ఇంకోటి: పన్నెండు ఆసనాల చీటీ ఇవ్వకండి. ఇంటి దగ్గర ఎవరూ చేయరు. నాలుగైదు అభ్యాసాలు, ఇరవై ఐదు నిమిషాలు. బలం ఎంత వాడాలో ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు చెప్పిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది: సగం శక్తి మేరకే. నుదుట, చంకల్లో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో ఊపిరి తీసే స్థితి వస్తే ఆ సగం అయినట్టే. ఆ సగం కూడా చలికాలానికి, వసంతానికి చెప్పింది. రోహిణీ కార్తె ఎండల్లో ఇంకా తగ్గించాలి. మే నెలలో 108 సూర్యనమస్కారాల పోటీలు పెట్టేవాళ్లు ఈ శ్లోకం చదవాలి.

ప్రశ్న: విరేచన కర్మ చేయించుకుంటున్న రోగికి యోగా ఆపాలా? మా ఆసుపత్రిలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
– బీఏఎంఎస్ ఇంటర్న్, విజయవాడ

రెండు విద్యలు ఎక్కువగా ఢీకొనేది ఇక్కడే. విరేచన కర్మ అంటే మందుతో విరేచనాలు చేయించి ఒళ్లు శుద్ధి చేయడం. దానికి ముందు నెయ్యి తాగించే స్నేహపానం మూడు నుంచి ఏడు రోజులు, మోతాదు రోజురోజుకూ పెరుగుతుంది. ఈ రోజుల్లో గట్టిగా మాట్లాడటం, కుదుపుల ప్రయాణం, ఎక్కువ నడక, పగటి నిద్ర వంటివి చరకుడు వద్దన్నాడు. ఆసనాలూ ఆ లెక్కలోకే వస్తాయి. నెయ్యి అరగకముందే సూర్యనమస్కారాలు చేయిస్తే వికారం, తలతిప్పు, ఒక్కోసారి వాంతి. అప్పుడు నెయ్యి పడలేదనుకుని మోతాదు తగ్గిస్తారు. అసలు తప్పు వ్యాయామానిది.

స్నేహపానం రోజుల్లో కీళ్ల తేలిక కదలికలు, శవాసనం, కుంభకం (ఊపిరి బిగబట్టడం) లేని నాడీశోధన ప్రాణాయామం మొత్తం పావుగంట చాలు, అదీ ఆకలి వేశాక. తర్వాత అభ్యంగం (నూనె మర్దన), స్వేదం (చెమట పట్టించడం) మూడు రోజులు. చెమటతో నీరసపడతారు కాబట్టి ఆ రోజుల్లోనూ అంతే. విరేచనం రోజు ఏమీ వద్దు. ఆ తర్వాత శుద్ధి జరిగిన స్థాయిని బట్టి మూడు, ఐదు లేదా ఏడు రోజుల సంసర్జన క్రమం: పల్చటి జావ, ముద్దగా ఉడికిన అన్నం, పెసరకట్టు. జఠరాగ్ని అప్పుడే రాజుకుంటున్న పొయ్యి. ఈ దశలో పొట్ట మీద ఒత్తిడి పెట్టే మయూరాసనం, నౌళి (పొట్ట కండరాలను తిప్పే క్రియ) చేయిస్తే ఆకలి తిరిగి రావాల్సింది పోయి పొట్టనొప్పి వస్తుంది. మామూలు భోజనానికి వచ్చాక పాత సాధనలో సగంతో మొదలుపెట్టించండి.

బస్తి (మలద్వారం గుండా మందు ఎక్కించే చికిత్స) తీసుకునే వారిదీ ఇలాంటి సంగతే. బస్తి ఇచ్చిన వెంటనే మెలితిప్పే ఆసనాలు వేయిస్తే మందు లోపల నిలవకుండా బయటికి వచ్చేస్తుంది.

ప్రశ్న: జలనేతి, నస్యం ఒకే రోజు చేయవచ్చా?
– గృహిణి, రాజమహేంద్రవరం

వద్దు. నేతి ఉప్పునీటితో కడగడం, నస్యం నూనెతో పోషించడం. వేసిన నూనెను నీళ్లతో కడిగేస్తే వేసి లాభమేంటి? నేతికి అరలీటరు నీటికి సుమారు నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే ఒక చెంచాకు కొంచెం తక్కువ. నీళ్లు తప్పనిసరిగా మరిగించి గోరువెచ్చగా చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్లలో ముక్కు ద్వారా మెదడుకు చేరే అమీబా ఉండొచ్చు. కడిగాక ముందుకు వంగి, రెండు ముక్కులూ తెరిచే ఉంచి మెల్లగా ఊపిరి వదిలి ఆరబెట్టండి. ఒక ముక్కు మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవివైపు పోతాయి.

ప్రశ్న: మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఇక్కడ ఈ రెండూ కలిపి పనిచేయాలంటే?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కాలిఫోర్నియా

అమెరికాలో ఏ రాష్ట్రమూ ఆయుర్వేదానికి వైద్య లైసెన్సు ఇవ్వడం లేదు. మన బీఏఎంఎస్ ఉన్నా అక్కడ డాక్టరు కారు. వృత్తి సంఘాల గుర్తింపే ఆధారం. యోగా థెరపీకి అంతర్జాతీయ యోగా థెరపిస్టుల సంఘం గుర్తించిన కోర్సు కనీసం 800 గంటలు, రెండేళ్లు. దానికి ముందే 200 గంటల టీచర్ శిక్షణ ఉండాలి. ఆయుర్వేదానికి జాతీయ ఆయుర్వేద వైద్య సంఘం మెట్లలో హెల్త్ కౌన్సిలర్‌కు 600 గంటలు, ప్రాక్టీషనర్‌కు 1500.

కాలిఫోర్నియాలో 2002లో చేసిన చట్టం ప్రకారం మీరు లైసెన్సు ఉన్న వైద్యులు కాదని, ఏ చికిత్స ఇస్తారో, మీ శిక్షణ ఏమిటో ముందే రాతపూర్వకంగా తెలిపి సంతకం తీసుకోవాలి. డాక్టరు రాసిన మందు ఆపమని చెప్పకూడదు. ఊరి నుంచి తెచ్చే భస్మాలు, రసౌషధాలు క్లయింట్లకు ఇవ్వకండి. వాటిలో సీసం, పాదరసం ఉంటే రక్తపరీక్షలో బయటపడుతుంది, కేసు మీ మీదికి వస్తుంది. ఇన్సూరెన్స్ తీసుకున్నాకే మొదటి క్లయింటును పిలవండి.